కొమ్మపై మొలకకు రెండు గండాలు: మర్రిజాతి విత్తనం, చీమ, బెట్ట

తాటిచెట్టు మట్టల నడుమ నుండి మర్రిచెట్టు పైకి లేచిన దృశ్యం తెలుగు పల్లెలలో పెరిగిన వారెవరికీ కొత్త కాదు. కారణం అడిగితే పశువుల కాపరి కూడా చెప్పగలడు: మర్రిపండు తిన్న పిట్ట తాటిమీద వాలింది, రెట్ట వేసింది, మొలక వచ్చింది. వృక్షశాస్త్ర తరగతిలో మనం విద్యార్థులకు చెప్పే సమాధానం కూడా దాదాపు ఇంతే. ఇందులో తప్పు లేదు. అయితే అది ఈ కథలో అతి సులభమైన భాగం మాత్రమే.

ఒక్క మర్రిపండులో వందల కొద్దీ విత్తనాలుంటాయి. కాపు మీదున్న పెద్దచెట్టుపై వేలాది పండ్లుంటాయి. కాకులు, గోరింకలు, కోకిలలు, పచ్చపావురాలు పగలంతా, గబ్బిలాలు రాత్రంతా వీటిని తిని ఊరంతా వెదజల్లుతూనే ఉంటాయి. ఇన్ని విత్తనాలు పడుతున్నప్పుడు ప్రతి తాటి తలపైనా, ప్రతి వేప పంగలోనూ ఒక మర్రి ఉండవలసింది. గట్లపై వరుసగా నిలిచిన తాళ్లను లెక్కిస్తూ నడిస్తే మర్రి ఎక్కినవి అరుదుగానే కనిపిస్తాయి. మిగిలిన విత్తనాలు ఏమయ్యాయన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న. ఇది కేవలం కుతూహలానికి సంబంధించిన విషయం కాదు. రహదారుల విస్తరణలో పాత మర్రులు పోతున్నాయి, ఇటుక బట్టీలకు తాళ్లు పోతున్నాయి. "పక్షులున్నాయి కదా, మర్రి దానంతట అదే వస్తుంది" అన్న ధీమాతో మనం చేసే ప్రణాళికలు ఎంతవరకు నిలుస్తాయన్నది ఈ ప్రశ్నకు దొరికే సమాధానంపైనే ఆధారపడి ఉంది.

ముందుగా పరిభాషను స్పష్టం చేసుకోవాలి. చెట్లపై పెరిగే మొక్కలన్నీ ఒకే తరహావి కావు. మామిడి కొమ్మలను పట్టిపీడించే బదనిక పరాన్నజీవి. అది ఆతిథ్య వృక్షపు దారువులోనికే తన చూషకాలను దింపి నీటిని గుంజుకుంటుంది కనుక, ఒకసారి పట్టు దొరికితే దానికి బెట్ట భయం పెద్దగా లేదు. వాండా వంటి ఆర్కిడ్లు, కొన్ని ఫెర్న్‌లు నిజమైన వృక్షోపజీవులు. ఇవి కొమ్మను ఆసరాగా మాత్రమే వాడుకొని జీవితాంతం అక్కడే గడుపుతాయి. మర్రి, రావి, జువ్వి ఈ రెండింటికీ నడుమ నిలిచే అర్ధ వృక్షోపజీవులు. కొమ్మపై పుట్టి, వేళ్లను కిందికి దించి, నేలను అందుకున్న తరువాతనే ఇవి చెట్లవుతాయి. మర్రికి సంస్కృతంలో ఉన్న 'న్యగ్రోధ' అన్న పేరుకు కిందికి పెరిగేది అని అర్థం. ఆ పేరు పెట్టినవారు ఊడలను చూసే పెట్టి ఉండవచ్చు గాని, మొలక దశకు కూడా అది అక్షరాలా వర్తిస్తుంది. విత్తనం పడిన రోజుకూ, వేరు నేలను తాకిన రోజుకూ మధ్య గడిచే కాలమే ఈ మొక్కల జీవితంలో అత్యంత ప్రమాదకరమైనది.

విత్తనం చేరడంలో ఇబ్బంది లేదనడానికి క్రకటోవా దీవులను మించిన సాక్ష్యం అక్కరలేదు. 1883లో అగ్నిపర్వతం పేలి అక్కడి వృక్షసంపద తుడిచిపెట్టుకుపోయింది. తదనంతర దశాబ్దాలలో గబ్బిలాలు, పక్షుల కడుపులో సముద్రం దాటివచ్చిన మర్రిజాతి చెట్లు ఆ బూడిద నేలపై మళ్లీ అడవిగా నిలిచాయి. సముద్రాన్ని దాటగల విత్తనానికి పొరుగు తాటిచెట్టు దూరం కాదు. అడ్డంకి మరెక్కడో ఉంది.

బోర్నియో అడవి పైకప్పులో

ఆ అడ్డంకిని ప్రయోగపూర్వకంగా వెదికిన పరిశోధకుడు టిమతీ లామన్. తరువాతి కాలంలో వన్యప్రాణి ఛాయాచిత్రకారుడిగా లోకానికి ఎక్కువగా పరిచయమైన ఈయన, 1990వ దశకం ఆరంభంలో ఇండోనేషియాకు చెందిన పశ్చిమ కాలిమంతాన్‌లోని గునుంగ్ పాలుంగ్ జాతీయ ఉద్యానవనంలో పనిచేశారు. ఆయన ఎంచుకున్నది ఫైకస్ స్టూపెండా అనే జాతి. ఇది మన మర్రికి దాయాది. పెద్ద పండ్లు కాస్తుంది, అడవిలోని మహావృక్షాల కొమ్మలపై మొలుస్తుంది, చివరకు వాటిని వేళ్లతో చుట్టివేస్తుంది. దాని పండ్లను ధనేశ పక్షులు, గిబ్బన్లు, ఒరాంగుటాన్లు తిని విత్తనాలను చెట్ల పైభాగాలకు చేరవేస్తాయి.

కింద నిలబడి దుర్భిణితో చూస్తే మొలకలు కనిపించవు. అందువల్ల లామన్ తాళ్ల సాయంతో చెట్ల పైకప్పుకు ఎక్కి, కొమ్మల పంగలలోను, చిన్న తొర్రలలోను, నాచు పట్టిన బెరడుపైన, నునుపైన బెరడుపైన వేల సంఖ్యలో విత్తనాలను తన చేతులతో నాటారు. అంటే పక్షి చేసే పనిని తానే చేసి, ఆ తరువాత ఏమి జరుగుతుందో చూశారు. ఈ పద్ధతిలోని విలువను విద్యార్థులు గమనించాలి. సహజంగా పడిన విత్తనాలను గాలించి వెదికినప్పుడు మనకు బతికినవే కనిపిస్తాయి, చనిపోయినవి లెక్కలోకి రావు. నాటిన సంఖ్య తెలిసినప్పుడే నష్టమెంతో తెలుస్తుంది.

ఏడాది గడిచేసరికి మిగిలిన మొలకలు అతి స్వల్పం. వాటి తలరాతను నిర్ణయించిన అంశాలలో అన్నిటికంటే ప్రధానమైనది, విత్తనం పడిన చోటు నీటిని ఎంతసేపు పట్టి ఉంచగలదన్నది. కుళ్లిన ఆకులు, నాచు, చెదిరిన బెరడు పేరుకున్న తొర్రలలో మొక్కలు నిలిచాయి. వట్టి బెరడుపై పడినవి నిలవలేదు. ఏటా సమృద్ధిగా వర్షం కురిసే భూమధ్యరేఖా ప్రాంతపు అడవిలోనే ఈ పరిస్థితి! వాన ఆగిన కొద్ది రోజులలోనే కొమ్మ ఉపరితలం ఎడారివలె ఎండిపోతుంది. దానికి కింద భూగర్భజలం లేదు, పక్కన తడి లేదు.

రెండవ గండం చీమలది. లామన్ ప్రయోగాలు జరిపిన చెట్లపైభాగాలలో ఫైడోల్ ప్రజాతికి చెందిన చీమలు నివసిస్తున్నాయి. ఆ జాతికి అప్పటికి శాస్త్రీయ నామం కూడా లేదు. ఈ ప్రజాతిలో శ్రామిక చీమలు సాధారణంగా రెండు పరిమాణాలలో ఉంటాయి. చిన్నవి ఆహారం మోసుకువస్తాయి, అసాధారణమైన పెద్ద తలలున్నవి బలమైన దవడలతో విత్తనాలను పగులగొట్టగలవు. గింజను తినే కీటకానికి ఇంతకంటే అమరిన శరీరం ఉండదు. నాటిన విత్తనాలను ఈ చీమలు మొలకెత్తకముందే ఎత్తుకుపోవడం లామన్ గమనించారు. పక్షి కడుపులో క్షేమంగా ప్రయాణించిన విత్తనం, గమ్యం చేరిన తరువాత చీమ నోట పడుతున్నదన్నమాట. విత్తన భక్షకులంటే నేలమీది ఎలుకలు, ఉడుతలు, పురుగులు మాత్రమేనని అనుకునే అలవాటును ఈ పరిశీలన సరిదిద్దింది.

చీమను కేవలం శత్రువుగా చిత్రించడం కూడా తొందరపాటే అవుతుంది. మనం మర్రి విత్తనం అని పిలిచేది నిజానికి ఒక సూక్ష్మమైన ఫలం. దాని పైపొరలో పోషక పదార్థం ఉంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాకు ఉద్యానమొక్కగా చేరిన ఫైకస్ మైక్రోకార్పా విత్తనాలపై 1991లో ప్రచురితమైన పరిశోధనలో, పక్షి రెట్టలోని విత్తనాలను కూడా చీమలు ఈ పొర కోసమే ఏరుకుంటాయని తేలింది. పొరను మాత్రమే తిని గింజను పగుళ్లలో వదిలివేసే చీమ అయితే అది విత్తనానికి మేలే చేసినట్లు, బహిరంగంగా ఉన్న గింజను తడి ఉన్న సందులోకి చేర్చినట్లు. గింజనే నమిలే చీమ అయితే కథ ముగిసినట్లు. ఒక చెట్టుపై ఏ జాతి చీమ కాపురముందన్న చిన్న విషయం ఆ చెట్టుపై మర్రి లేస్తుందా లేదా అన్నదానిని మార్చగలదు.

బెట్టకు, చీమకు మధ్యనున్న సంబంధం

ఈ రెండు గండాలను పాఠ్యపుస్తకాలలో వేరువేరు శీర్షికల కింద చెప్పడం అలవాటు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో వాటిని విడదీయడం సరికాదు. కుళ్లిన ఆకుల పొడి నిండిన తొర్ర తడిని నిలుపుతుంది, అందుచేత మొలకకు అనువైనది. ఆ తొర్రే చీమలు గూడు కట్టుకోవడానికీ అనువైనది. అంటే మొలకకు మంచి చోటు తరచుగా చీమకు ఇల్లు కూడా అవుతుంది. మరొక కోణం కాలానికి సంబంధించినది. విత్తనం పడిన వెంటనే తడి దొరికితే కొద్ది రోజులలో మొలకెత్తి, గింజగా ఉండే దశను దాటిపోతుంది. బెట్ట సాగినకొద్దీ అది గింజగానే పడి ఉంటుంది, చీమ కంటపడే రోజులు పెరుగుతాయి. వరుసలో వేసిన నువ్వు గింజను పదును లేని నేలలో చీమలు ఎత్తుకుపోవడం చూసిన రైతుకు ఈ తర్కం విడమరచి చెప్పవలసిన పని లేదు.

మొలకెత్తిన తరువాత పరీక్ష పూర్తిగా నీటిదే. వృక్షోపజీవులపై విస్తృతంగా పనిచేసిన గెర్‌హార్డ్ జోట్స్ బృందం పనామాలో చూపించిన విషయమొకటి ఇక్కడ కీలకం: మొక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా ఎండిపోతుంది. చిన్న మొక్కలో ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ, నిల్వ నీరు తక్కువ. ఒకే కొమ్మపై, ఒకే బెట్టలో, ఒకే జాతికి చెందిన పెద్ద మొక్క బతికి పిల్లమొక్క చనిపోవడానికి కారణమిదే.

మన తాటి–మర్రి జంటకు అతి దగ్గరి పోలిక వెనిజులాలోని లానోస్ మైదానాలలో ఉంది. అక్కడ తీవ్రమైన ఎండకాలం ఉంటుంది. కోపర్నీసియా టెక్టోరమ్ అనే తాటి కుటుంబపు చెట్ల మట్టల సందులలో మర్రిజాతులు మొలుస్తాయి. మిషెల్ హోల్‌బ్రూక్, ఫ్రాన్సిస్ పుట్జ్ అక్కడ ఒకే జాతికి చెందిన రెండు రకాల మొక్కలను పోల్చారు. ఇంకా తాటి తలపైనే ఉన్నవి ఒక రకం, వేరు నేలకు దిగినవి మరొకటి. పైనున్న మొక్కల ఆకులలో పత్రరంధ్రాల సాంద్రత తక్కువగా ఉంది, నీటిని అవి ఎంతో పొదుపుగా ఖర్చు చేస్తున్నాయి. నేలను అందుకున్న తరువాత అదే జాతి ధారాళంగా నీరు వాడే చెట్టుగా ప్రవర్తించింది. మట్టల సందులలో పేరుకున్న సేంద్రియ పదార్థం పోషకాలలో చుట్టుపక్కల నేలకు తీసిపోలేదు కూడా. కనుక అక్కడ కొరత ఆహారానిది కాదు, నీటిది. అప్పుడే పుట్టిన మొక్క పిసినారిగా బతికి, వేరు నేలను తాకిన నాటి నుండి దాతగా మారుతుందని చెప్పవచ్చు.

పిసినారితనానికి తోడు నిల్వ కూడా ఉంది. నర్సరీలలో కుండీలలో అమ్మే ఫైకస్ జిన్సెంగ్‌ను చాలామంది చూసే ఉంటారు. ముల్లంగి దుంపల్లా ఉబ్బిన దాని వేళ్లు తోటమాలి సృష్టి కావు. ఫైకస్ మైక్రోకార్పా విత్తనపు మొక్కకు సహజంగా ఉండే లక్షణమది, పెంపకందారులు దానిని పైకి తేల్చి చూపుతారు. గోడ పగులులో నుండి రావి మొక్కను పెకలించిన వారికి కూడా లావెక్కిన వేరు చేతికి తగిలే ఉంటుంది. సున్నపు గోడలు, పాత బావుల ఒరలు, గోపురాల సందులు రావికి ఇష్టమైనవి కావడంలో వింత లేదు. తడిని పట్టి ఉంచే ఇరుకు సందు దానికి కావాలి, అది కొమ్మలో ఉందా కట్టడంలో ఉందా అన్న భేదం లేదు.

చీమల బారినుండి పూర్తిగా తప్పించుకున్న వృక్షోపజీవులూ ఉన్నాయి. ఆర్కిడ్ విత్తనాలు ధూళివంటివి, వాటిలో చీమ ఏరుకోదగిన నిల్వ ఆహారమే ఉండదు. ఆ ఆహారం లేనందుకు అవి మరొక మూల్యం చెల్లిస్తాయి. తగిన శిలీంధ్రం తోడు దొరికితేనే ప్రకృతిలో మొలకెత్తగలవు. మర్రిజాతి అటు ధూళిగా కాక, ఇటు పెద్ద గింజగా కాక నడిమి దారిని ఎంచుకుంది. కొంత నిల్వ ఉంది, అందుకు చీమ ఉంది.

బెట్ట ప్రభావం విత్తనం పుట్టకముందు కూడా పనిచేస్తుందని ఇక్కడ చెప్పక తప్పదు. 1998 ఆరంభంలో ఎల్ నినో కారణంగా బోర్నియోలో తీవ్ర వర్షాభావం ఏర్పడింది. సరవాక్‌లోని లాంబిర్ హిల్స్‌లో రెట్ హారిసన్ పరిశీలించిన ఏకలింగాశ్రయ మర్రిజాతులు కొంతకాలం కాయలు వేయడమే మానివేశాయి. ఆ కాయలలోనే జీవించే పరాగ సంపర్క కందిరీగలు ఆ ప్రాంతంలో అంతరించాయి. కందిరీగ లేనిదే విత్తనం లేదు.

మన నేలపై లెక్క

దక్కను పీఠభూమికి ఈ విషయాలను అన్వయించి చూద్దాం. ఎండాకాలంలో పండిన మర్రిపండ్ల విత్తనం తాటి మట్టలో ఏప్రిల్‌లో పడిందనుకుంటే, నైరుతి వచ్చేదాకా అది గింజగానే ఉండాలి. అన్ని వారాలూ చీమలవే. జూన్, జూలైలలో మొలకెత్తితే వానలు ముగిసేలోగా దానికి నాలుగైదు నెలలే గడువు. ఆ తరువాత డిసెంబరు నుండి మే వరకు సాగే ఎండను అది సందులోని తడితో, ఉబ్బిన వేరులోని నిల్వతో దాటాలి. ఒక్క ఏడాదిలో వేరు తాటి ఎత్తంతా దిగి నేల చేరదు. కాబట్టి ఇటువంటి వేసవులను ఒకటి కంటే ఎక్కువ దాటిన మొలకే చెట్టవుతుంది. వానలు నడుమ ఆగిపోయిన ఏటి మొలకలు బహుశా ఒక్కటీ మిగలవు. మంచి వర్షాలు వరుసగా రెండేళ్లు పడినప్పుడే కొత్త మర్రులు నిలుస్తాయని, మనం చూసే తాటిమర్రులు అటువంటి అరుదైన కాలాల గుర్తులని ఈ వ్యాసకర్త ఊహ. ఇది పరీక్షించదగిన ఊహ.

విస్తరణ కార్యక్రమాలకు దీని నుండి కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. సస్యరక్షణలో భాగంగా మనం పొలాల్లో పెట్టించే పక్షి స్థావరాలను బీడు భూముల పునరుద్ధరణకూ వాడుకోవచ్చుననే ఆలోచన ఉంది. స్థావరం విత్తనాన్ని తెస్తుంది గాని తడిని తేదు. జాన్ హార్పర్ 'సురక్షిత స్థానం' అన్న భావనతో చెప్పింది ఇదే: విత్తనాల సంఖ్య కాదు, మొలకను బతికించగల స్థానాల సంఖ్యే మొక్కల సంఖ్యను నిర్ణయిస్తుంది. ముదురు తాళ్లు, తొర్రలున్న పాత చింతలు, మామిళ్లు మర్రికి అటువంటి స్థానాలు. వాటిని నరికివేసి పక్షులపై భారం వేయడం ఫలించదు.

నర్సరీలో ఈ రెండు గండాలనూ తప్పించడం కష్టమేమీ కాదు. "పక్షి తిని వదిలితేనే రావి మొలుస్తుంది" అన్న నమ్మకం నిజం కాదు. పండిన కాయలను నలిపి, గుజ్జు పోయేలా కడిగిన తాజా విత్తనాలు వెలుతురు, తడి ఉంటే మొలుస్తాయి. జల్లించిన ఇటుక పొడి, బొగ్గు పొడి కలిపిన పళ్లెంలో పైపైనే చల్లాలి, మట్టి కప్పరాదు. నీటిని అడుగునుండి పీల్చుకొనేలా అందించాలి. చీమలకు మన ఇళ్లలో బెల్లం డబ్బాకు చేసే ఉపాయమే చాలు, విత్తన పళ్లేన్ని నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో ఎత్తుగా నిలిపితే సరిపోతుంది.

మర్రిని కొమ్మ పాతి పెంచే పద్ధతి మనకు చిరకాలంగా ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా కదిరి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని స్థలపురాణం కూడా చితికి పాతిన గుంజ చిగురించి మానైందనే చెబుతుంది. వృక్షశాస్త్ర దృష్టితో చూస్తే అందులో అసంభవమేమీ లేదు. మొలక దాటవలసిన జల్లెడనంతటినీ గుంజ ఒక్క అడుగులో దాటేస్తుంది. బాటల వెంట మర్రులు త్వరగా లేవడానికి ఇదే దారి. ఒకే చెట్టు కొమ్మలతో మైళ్ల పొడవునా నాటితే అన్నీ ఒకే జన్యురూపం కలిగి ఉంటాయి. ఒక తెగులుకు, ఒక బెట్టకు అన్నీ ఒకే విధంగా స్పందిస్తాయి. కనుక నాటే గుంజలను దూరదూరంగా ఉన్న అనేక చెట్ల నుండి సేకరించాలి, కొన్నిటినైనా విత్తనం నుండి పెంచాలి.

స్నాతకోత్తర విద్యార్థులెవరైనా చేపట్టదగిన చిన్న అధ్యయనం ఒకటి సూచించవచ్చు. ఏటా గీసే తాళ్లకు గీత కార్మికులు పాత మట్టలను తొలగిస్తారు. గీయక వదిలిన తాళ్లకు మట్టలు నిలిచి, వాటి సందులలో దుమ్ము, చెత్త పేరుకుంటాయి. ఒకే గ్రామంలో రెండు రకాల తాళ్లనూ ఎంచుకొని, మర్రి మొలకలు ఎన్నింటిపై ఉన్నాయో, ఏ ఎత్తులో ఉన్నాయో నమోదు చేయాలి. గీయని తాళ్లలో కొన్నిటిపై జూన్ మొదటి వానల తరువాత లెక్కపెట్టిన విత్తనాలను మట్టల సందులలో ఉంచి, సగం చోట్ల చుట్టూ జిగురు పూసి చీమలను ఆపాలి, సగం వదిలివేయాలి. అక్కడ దొరికిన చీమలను పట్టి జాతిని గుర్తింపజేయాలి. చెట్టెక్కే పనికి అనుభవమున్న గీత కార్మికుడిని భాగస్వామిగా చేర్చుకోవడం తప్పనిసరి. భద్రత కోసమే కాదు, ఏ తాటిపై ఏ ఏడు మర్రి మొలిచిందో గ్రామంలో అతనికే తెలుసు. మొదటి లెక్క వారం రోజులకు తీయాలి, చీమల నష్టం అప్పుడే తెలుస్తుంది. రెండవది అక్టోబరులో. మూడవది మే నెలాఖరులో, వానలకు ముందు.